కాళేశ్వరం ఘాటు మీద అపరకర్మలు: ఏం బాగుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి

వరంగల్, భూపాలపల్లి, పెద్దపల్లి వైపు ఇంట్లో మనిషి పోయాక బొక్కలు, అంటే ఎముకలు, ఏరి ముంతలో పెట్టగానే చుట్టాల మధ్య నడిచే చర్చ ఒకటే. గంగల ఎక్కడ కలపాలె? ధర్మపురా, మంథనా, రామన్నగూడెమా, కాళేశ్వరమా? ఈ సమీక్ష కాళేశ్వరం గురించి. గుడి దర్శనం ఊసు ఇందులో ఉండదు. ఘాటు మీద జరిగే అస్థి నిమజ్జనం, పిండప్రదానం, పదో రోజు స్నానాలు ఎట్లా ఉంటాయో చూద్దాం. స్థలం విషయంలో కాళేశ్వరానికి ఉత్తర తెలంగాణలో సాటి లేదు. సేవ విషయానికొస్తే, ఏం అడగాలో తెలిసి పోయిన కుటుంబం తేలికపడి తిరిగొస్తుంది. తెలియక పోయిన కుటుంబానికి ఖర్చు, అలసట, ఒక్కోసారి అవమానం మిగులుతాయి.

ముందు స్థలం సంగతి. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో, ఉత్తరం నుంచి వచ్చే ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఈ ఊరు ఉంది. అంతర్వాహినిగా సరస్వతి కూడా ఉందని నమ్మకం, అందుకే త్రివేణి సంగమం అంటారు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాలుడు, అంటే యముడిది. రెండోది ముక్తీశ్వరుడిది. తొలి పూజ యముడికి, ఆ తర్వాతే శివుడికి. ముక్తీశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్లు సంగమానికి చేరతాయని చెప్తారు.

అపరకర్మల కోసం వచ్చేవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. యముడికి తొలిపూజ జరిగే ఊళ్లో చావు మాట అశుభం కాదు. సొంత ఊళ్లో పదొద్దులు అంటు పేరుతో ఎడంగా ఉంచిన ఇంటివాళ్లను ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. గుండ్లు చేసేవారు, పూలమ్మేవారు, పురోహితులు అందరికీ ఇది రోజూ చూసే పని. ఎదురొస్తే మొహం తిప్పుకోరు. దుఃఖంలో ఉన్న మనిషికి ఇంతకంటే ముందు కావాల్సింది ఇంకేముంటుంది? ధర్మపురిలో కూడా నరసింహస్వామి గుడి ఆవరణలో యమధర్మరాజు గుడి ఉంది, ‘ధర్మపురికి పోతే యమపురి ఉండదు’ అనే మాటా ఉంది. జగిత్యాల, కరీంనగర్ వాళ్లకు అదే దగ్గర, వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు.

హన్మకొండ నుంచి గూడెప్పాడ్, పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు. కారులో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కరీంనగర్ వైపు నుంచైతే మంథని మీదుగా వచ్చి కాటారంలో ఇదే రోడ్డెక్కాలి. భూపాలపల్లి దాటాక అడవి, బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు ఉంటాయి. నిద్ర లేని కుటుంబంలో ఎవరూ స్టీరింగ్ పట్టుకోవద్దు, బయటి డ్రైవర్‌ను పెట్టుకోండి. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం కాబట్టి నలుగురైదుగురే పోతే బస్సు మేలు. మట్టి ముంతను మాత్రం బస్సులో ఒళ్లో పెట్టుకుని పోవద్దు. గుంతల రోడ్డు మీద పగులుతుంది. ముంతను మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో దింపి, గుడ్డ సంచిలో పెట్టుకోండి.

బొక్కలు ఏరే దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. కాష్టం పైన బూడిద చల్లబడ్డట్టు కనిపించినా లోపల నిప్పు రెండో రోజు కూడా ఉంటుంది. ముందు నీళ్లు చల్లి, కట్టెతో కదిపి, ఆవిరి ఆగిందని చూసుకున్నాకే పాలు చల్లాలి. చెయ్యి పెట్టడం ఆ తర్వాతే. వేడి ఎముకను ప్లాస్టిక్ కవర్లో వేస్తే కవర్ కరిగి అంటుకుంటుంది. తల, భుజాలు, రొమ్ము, నడుము, కాళ్లు, ఒక్కో చోటి నుంచి ఒక్కో ముక్క చాలు. కాళ్ల నుంచి మొదలుపెట్టాలా, తల నుంచా అన్నది ఇంటింటికీ మారుతుంది, మీ పెద్దవాళ్ల పద్ధతే పాటించండి. పెద్ద మనిషి దహనమయ్యాక ఎముకలే రెండు, మూడు కిలోల దాకా మిగులుతాయి. కట్టెల బూడిద దానికి అదనం. అదంతా గోనె సంచుల్లో కాళేశ్వరం మోసుకెళ్లాల్సిన పని లేదు. ఎముకలో ఉండేది ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేట్, అది నీళ్లలో తొందరగా కరగదు. గుప్పెడు ముక్కలు గంగలో కలిపి, మిగతా బూడిదను ఊరి వైకుంఠధామంలోనే, అంటే శ్మశానంలోనే, గుంత తీసి పూడ్చితే కర్మకు లోటు లేదు, నదికీ భారం ఉండదు. పూడ్చిపెట్టే సంప్రదాయం ఉన్న కుటుంబాలకు బొక్కల ప్రసక్తే లేదు. గంగస్నానం, తర్పణం చేసుకుని రావచ్చు.

సామగ్రి ఇంటి నుంచి తీసుకుపోతే సగం తలనొప్పి తగ్గుతుంది. బియ్యం అరకిలో, లేదా అంతే పిండి. నల్ల నువ్వులు పావుకిలో. దర్భలు ఒక కట్ట, మోదుగ విస్తర్లు నాలుగైదు, ఆవుపాలు అరలీటరు, కొంచెం నెయ్యి, తేనె, గంధం, కర్పూరం, రాగి చెంబు, తెల్ల పంచె, తువ్వాలు. తెల్ల నువ్వులు పట్టుకొచ్చి అక్కడ మళ్లీ నల్లవి కొనుక్కునేవాళ్లే ఎక్కువ. పొడి బట్టలు ఇద్దరికి సరిపడా ఎక్కువే పెట్టుకోండి. పేర్లు కాగితం మీద రాసుకుని పోవడం అన్నిటికంటే ముఖ్యం. పోయినవారి పేరు, తండ్రి, తాత, ముత్తాత, తల్లి వైపు మూడు తరాలు, గోత్రం. ఘాటు మీద ముత్తాత పేరు గుర్తురాక అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మామూలే. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చన్నది పాత ఆచారమే, అందుకు చిన్నబోవాల్సిందేమీ లేదు.

కర్మ వరుస ఇది. కర్త, అంటే కర్మ చేసే మనిషి, ముందు మూడు మునకలు వేసి తడిబట్టతోనే ఒడ్డున కూర్చుంటాడు. ఉంగరపు వేలికి దర్భ పవిత్రం, జంధ్యం ఉన్నవాళ్లకు అది కుడి భుజం మీదికి మారుతుంది, మొహం దక్షిణానికి. సంకల్పంలో పేరు, గోత్రం, చుట్టరికం చెప్పించి, అస్థులను పాలతో కడిగి, మోకాలి లోతు నీళ్లలోకి తీసుకుపోయి వదిలిస్తారు. మళ్లీ మునక. తర్వాత బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి నువ్వుల నీళ్లు జారవిడిచే తర్పణం. ఆపైన అన్నం, నువ్వులు, నెయ్యి, తేనె కలిపి పిండాలు. జనం లేని రోజు ఇదంతా గంట, గంటన్నర పని. సూతకంలో ఉన్నవాళ్లు గుడి లోపలికి పోరు కాబట్టి పని ఘాటు దగ్గరే ముగుస్తుంది. దర్శనం కావాలనుకునేవాళ్లు తర్వాత ఇంకోసారి వస్తే సరి.

ఎక్కువ ఇళ్లలో గొడవ మొదలయ్యేది పిట్టకు పెట్టే దగ్గర. పిండం పెట్టి దూరం జరిగి నిలబడతారు. కాకి రాదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు గడుస్తాయి. ‘ఏదో కోరిక తీరలేదు’ అని ఒకరంటారు. ‘చివర్లో చిన్న కొడుకు చూడలేదు కదా, అందుకే’ అని ఇంకొకరు. చావు బాధకు నేరభావం తోడవుతుంది, ఆ మాట కొన్ని కుటుంబాల్లో ఏళ్ల తరబడి పోదు. కారణం మాత్రం చాలా మామూలుది. పొద్దెక్కేసరికి కాకులు అప్పటికే డజను పిండాలు తిని ఉంటాయి. పైగా ముప్పై మంది చుట్టూ మూగి సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడితే ఏ పక్షీ వాలదు. పొద్దున ఏడింటిలోపు పెట్టండి, చెట్టు కింద పెట్టండి, బాగా దూరం జరగండి. అయినా రాకపోతే గోదావరి అవతల మహారాష్ట్రలో దర్భతో కాకి బొమ్మ చేసి ముట్టిస్తారు. ఇటు ఆవుకు పెట్టడమో, నీళ్లలో వదలడమో చేస్తారు. సంప్రదాయమే ప్రత్యామ్నాయం ఇచ్చినప్పుడు కాకి రాకను కొడుకు మీద తీర్పుగా మార్చడం న్యాయం కాదు. మంచి పురోహితుడు ఈ మాట తనే ముందుగా చెప్తాడు. ఆ ఒక్కదాన్ని బట్టి మనిషిని అంచనా కట్టవచ్చు.

పురోహితుడికిచ్చే సంభావన బేరం మీద నడుస్తుంది, కాబట్టి తడిబట్టతో కూర్చున్నాక మాట్లాడటం తప్పు. కూర్చోకముందే, ఏడవని ఒక చుట్టాన్ని ముందుకు పంపి మూడు విషయాలు తేల్చుకోండి. మొత్తం ఎంత, సామగ్రి అందులోనే ఉందా, దానాలు వస్తువుగానా, డబ్బుగానా? దశదానాలంటే గోవు, భూమి, నువ్వులు, బంగారం, నెయ్యి, బట్ట, ధాన్యం, బెల్లం, వెండి, ఉప్పు. వీటిలో నువ్వులు, నెయ్యి, బట్ట, బియ్యం, బెల్లం, ఉప్పు ఎవరైనా ఇవ్వగలిగినవే. మిగతావాటికి నాణెమో, కొబ్బరికాయో పెట్టి ఇచ్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. సంకల్పంలోనే ‘యథాశక్తి’ అని చదువుతారు, ఆ మాటను నిలబెట్టుకోండి. ఘాటు మీద ఖర్చు నిజానికి చిన్నదే. ఇంటికొచ్చాక దినం భోజనాలకు యాటలు, మందు, టెంట్లు, ఫ్లెక్సీల కోసం చేసే అప్పు అసలు గండం. ఆ అప్పు ఏ కర్మకాండలోనూ లేదు. ఊరి పరువు పేరుతో నడుస్తుంది. పోయిన మనిషి మందుల బాకీ ఇంకా తీరని ఇంట్లో దినానికి మళ్లీ వడ్డీకి తేవడం అధర్మం. చుట్టాల్లో పెద్దమనిషి ఎవరో ఒకరు ముందుగా నోరు విప్పి ‘పప్పన్నం చాలు’ అంటే ఆ ఇంటికి చాలా పెద్ద సాయం.

భర్త పోయిన ఆడమనిషిని పదో రోజు ఘాటుకు తీసుకొచ్చి అందరి ముందూ గాజులు పగలగొట్టడం, పుస్తె తీయడం, మెట్టెలు లాగడం, బొట్టు తుడవడం ఇప్పటికీ జరుగుతోంది. తొమ్మిదొద్దుల పాటు సరిగ్గా తిండి, నిద్ర లేని మనిషికి ఇది ఓదార్పు ఎట్లా అవుతుంది? చేతికి గాయమైనా, మనసుకు గాయమైనా చేసేవాళ్లు చుట్టాలే. కాళేశ్వరం వంతెన దాటితే సిరొంచ, అంటే మహారాష్ట్ర. ఆ రాష్ట్రంలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మేలో ఇలాంటి ఆచారాలు వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో మిగతా పంచాయతీలు కూడా ఆ బాట పట్టాలని ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. మన దగ్గర తీర్మానం దాకా ఆగక్కర్లేదు. ‘ఆమెకు ఏదీ తీయం’ అని కొడుకో, కూతురో ముందురోజే గట్టిగా చెప్తే పురోహితుడు బలవంతం చేయడు, ఎందుకంటే పిండప్రదానం ఆ తంతు మీద ఆధారపడి లేదు. తర్వాత వచ్చే బతుకమ్మకు ఆమెను పిలవడం కూడా ఈ పనిలో భాగమే.

కూతురు కర్త కావచ్చా అని అడిగేవాళ్లు పెరిగారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. చివరి రోజుల్లో మంచం పక్కన ఉన్నదీ చాలా ఇళ్లలో ఆమే. అయినా పిండం పెట్టే చెయ్యి కోసం దూరపు చుట్టపు పిల్లాణ్ని వెతుకుతారు. చేయించే పురోహితులున్నారు, చేయించనివాళ్లూ ఉన్నారు. ఘాటు మీద వాదించే కన్నా ముందే ఫోన్లో అడిగి, ఒప్పుకున్నవారి దగ్గరికే పోవడం మేలు.

ఆరోగ్యం విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. గుండు చేసేటప్పుడు ప్రతి మనిషికీ కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పించండి. హెపటైటిస్ బి లాంటివి ఒకే బ్లేడు వల్ల అంటుకుంటాయి. బ్లేడ్లు మీరే కొనుక్కుపోతే అడగాల్సిన ఇబ్బంది కూడా ఉండదు. రెండోది ఉపవాసం. కర్తలు చాలామంది యాభై దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు. ఏమీ తినకుండా ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోయి నీళ్లలోనే కళ్లు తిరుగుతాయి. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, మందు వ్రతాన్ని చెడపవని మహాభారతంలోనే ఉంది. అరటిపండు తిని, పాలు తాగి కూర్చోమనండి. మాత్రలు, ఇన్సులిన్ ఆ రోజు ఎట్లా తీసుకోవాలో డాక్టర్‌ను ముందురోజే అడిగి పెట్టుకోండి.

ఇదంతా నమ్మని కొడుకులు, కోడళ్లు కూడా వస్తారు. వాళ్లను నిందించొద్దు, పక్కకు నెట్టొద్దు. మైకేల్ నార్టన్, ఫ్రాన్సెస్కా జీనో అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఏదో ఒక తంతు చేసినవాళ్లకు దుఃఖం తగ్గిందని, చేయి దాటిపోయిన పరిస్థితి కొంతైనా పట్టులోకి వచ్చిన భావన కలగడమే అందుకు దారి అని తేలింది. తంతుల మీద నమ్మకం లేనివాళ్లకూ ఆ మేలు కలిగింది. కాళేశ్వరంలో జరిగేది సరిగ్గా ఇదే. చేయడానికేమీ మిగలలేదనుకున్న మనిషికి కడగడం, మోయడం, వదలడం, పెట్టడం అనే పనులు వరుసగా చేతికొస్తాయి. ఇస్లాంలో మయ్యత్‌కు (శవానికి) గుసుల్ (స్నానం) చేయించడం, జనాజాకు (పాడెకు) భుజం పట్టడం, క్రైస్తవుల్లో సమాధి దగ్గర ప్రార్థన తర్వాత గుప్పెడు మన్ను వేయడం కూడా బతికున్నవాళ్ల చేతులకు ఇలాంటి పనే ఇస్తాయి. అందుకే పురోహితుడు మంత్రాలు గబగబా చదివి ముప్పై నిమిషాల్లో ముగిస్తే డబ్బు ఆదా అయిందనుకోకండి. ‘మెల్లగా చేయించండి, ఏం చేస్తున్నామో తెలుగులో చెప్పండి’ అని అడగండి. ఈ సేవలో డబ్బు పెట్టి కొనదగ్గది ఆ నిదానమే.

కర్మ అన్నిటికీ మందు కాదు. ఆరు నెలలు దాటినా మనిషి పనిలో పడలేక, తిండి, నిద్ర లేక, పోయినవాళ్ల ధ్యాసలోనే మునిగి ఉంటే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ గుర్తిస్తుంది. దోషం పోలేదని ఇంకో శాంతి చేయించే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఘాటు శుభ్రత నిరాశ కలిగిస్తుంది. 2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన సరస్వతి పుష్కరాలకు ఘాటును బాగుచేశారు, 17 అడుగుల ఏకశిలా సరస్వతి విగ్రహం కూడా అప్పుడే వచ్చింది. కానీ మెట్లెంత బాగున్నా నీళ్లలో బట్టలు, పగలగొట్టిన ముంతలు, ప్లాస్టిక్ కవర్లు, గాజు పటాలు వదిలేది మనమే. ముంత పెంకులు కాళ్లకు గుచ్చుకుంటాయి, పాత చీరలు కాళ్లకు చుట్టుకుంటాయి. అస్థులు వదిలాక ముంతను ఒడ్డున పెట్టండి. పోయినవారి బట్టలు బాగుంటే ఇస్తే కట్టుకునేవాళ్లున్నారు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు రద్దీ రోజున సరిపోదు, రెండు దుప్పట్లు, తాడు తీసుకెళ్తే అడ్డం కట్టుకోవచ్చు.

నీళ్ల సంగతి కాలాన్ని బట్టి పూర్తిగా మారుతుంది. 2023 అక్టోబరులో కిందనున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక అక్కడ నీళ్లు నిలపడం లేదు. దాంతో ఎండాకాలం పాయ ఘాటుకు దూరం జరుగుతుంది, ఇసుకలో నడిచిపోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే ఆ ఇసుక మీద ముసలివాళ్లు నడవలేరు, చెప్పులు విప్పించకండి. ఇసుక తేలిన చోట అడుగున గుంతలుంటాయి, మోకాలి లోతు దాటొద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు నదులూ కలిసి ఉరుకుతాయి. 2022 జూలై వరదకు దగ్గర్లోని కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగిపోయిన సంగతి ఇక్కడివాళ్లకు గుర్తే. అప్పుడు ఆఖరి మెట్టు మీద కూర్చుని చెంబుతో స్నానం చేసి, అక్కడి నుంచే అస్థులు వదలడం తెలివైన పని. అమావాస్యలు, కార్తీక సోమవారాలు, శివరాత్రి ముందూ వెనకా రోజులు తప్పించండి. దర్శనానికొచ్చే జనం, కర్మలకొచ్చే జనం ఒకే దారిలో పడి ఇద్దరికీ తృప్తి ఉండదు. పెత్రమాస (పితృ అమావాస్య) రోజు బియ్యం ఇవ్వడానికి ఊళ్లో అయ్యవార్లు దొరుకుతారు కాబట్టి దానికోసం ఇంత దూరం రానవసరం లేదు.

చుట్టాలంతా చెదిరిపోకముందే చావు నమోదు కూడా చూసుకోండి. గడువు 21 రోజులు, దాటితే ఆలస్య రుసుము, అఫిడవిట్లు, తిరుగుడు మొదలవుతాయి. ఘాటు మీద చెప్పిన పేరు, ఆధార్‌లో ఉన్న పేరు వేరైతే సర్టిఫికెట్‌లో ఆధార్ పేరే రాయించాలి. లేకపోతే బ్యాంకులో, పట్టాదారు పాసుపుస్తకం మార్పులో చిక్కొస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజుల్లో ఇంట్లో ఎవరన్నా పోతే కాళేశ్వరం, ధర్మపురి, రామన్నగూడెం ఏ ఘాటుకూ ఉరకొద్దు. ముంతకు మూత కట్టి, మన దగ్గర మామూలుగా చేసేట్టే ఇంటి బయట చెట్టుకు వేలాడదీసి, పుష్కరాలు ముగిసి జనం తగ్గాక ఏదైనా మామూలు రోజున పొద్దున ఆరింటికల్లా ఘాటు మీద ఉండేట్టు బయల్దేరండి.